మనోవ్యాధిగలవారి యెడల మన ధర్మము

చదువవలసిన భాగములు: లూకా 8:26–39, మార్కు 10:46–52, 1 రాజులు 19:1–8



మన పల్లెల బిడ్డలనేకులు డిగ్రీ ముగించి, గ్రూప్ పరీక్షలకు చదువుటకై హైదరాబాదు వెళ్లుచున్నారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము, నారాయణగూడ దాకా ఉన్న హాస్టళ్లు, ఇదే వారి లోకము. ఇంటివారు అప్పు తెచ్చి ఫీజు కట్టుదురు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రము ముందే బయటపడినందున 2023 మార్చిలో రద్దయినది. జూన్‌లో మరల పెట్టినదియు నిలువలేదు. ఇట్టి భారము ఎవరి తలపై పడునో ఆలోచించుడి.

అట్లు చదువుచున్న ఒక యువకుడు పండుగకు ఇంటికి వచ్చెను. రాత్రులు నిద్ర లేదు. ఎవరో తన్ను పిలుచుచున్నారనును. వైద్యుడు మాత్రలు వ్రాసెను గాని అతడు మింగనొల్లడు. తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వానికి చెప్పకుండా అన్నములో కలిపి పెట్టనా?" అని అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ తండ్రిది ప్రేమయే. అయినను ఆ ప్రశ్న నన్ను వాక్యమునొద్దకు నడిపించెను. (ఇది వ్రాయుటకు ఆ యువకుడు సమ్మతించెను, ఊరు పేరు వ్రాయను.)

1. అడుగవలెను.

గ్రుడ్డివాడైన బర్తిమయికి ఏమి కావలెనో ఎవరికి తెలియదు? అయినను ప్రభువు, తాను ఏమి చేయగోరుచున్నాడని అతనినే అడిగెను. బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లు పడియున్న వానిని సహితము స్వస్థపడ గోరుచున్నావా అని అడిగెను. స్వస్థపరచు అధికారము గలవాడే అడిగియుండగా, మనము అడుగకుండుట ఎట్లు? అన్నములో మందు కలిపిన సంగతి తెలిసిన దినమున, ఆ బిడ్డ మందునే గాక తల్లి చేతి అన్నమును కూడ నమ్మడు.

అయితే రోగి తన ప్రాణమునకో యితరుల ప్రాణమునకో హాని చేయునట్లుంటే ఊరకుండరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇందుకు మార్గము పెట్టినది. ఒక మానసిక వైద్యుడును, మరియొక వైద్యుడో నిపుణుడో వేరువేరుగా పరీక్షించి, మొదట 30 దినములకు మించకుండ ఆసుపత్రిలో చేర్చవచ్చును. ఇది దాపరికము కాదు, లెక్క చెప్పవలసిన పని. ఆరోగ్యముగా ఉన్నప్పుడే, "నాకు మరల జబ్బు చేసిన యెడల ఇట్టి వైద్యము చేయుడి" అని వ్రాసియుంచు హక్కును ఆ చట్టము ఇచ్చినది.

2. కట్టివేయరాదు.

గెరసీనుల దేశపువానిని ఊరివారు గొలుసులతో కట్టిరి, ఏమి ప్రయోజనము? ప్రభువు అతనితో మాటలాడెను. తుదకు వస్త్రములు ధరించినవానిగా ఇంటికే పంపెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కొరకు తేబడి గొలుసులతో బంధింపబడియున్నవారి నడుమ అగ్ని రగిలెను. 28 మంది చనిపోయిరి. గొలుసు వేయుటను నేటి చట్టము నిషేధించినది. మత్తు ఇవ్వకుండ, కండరములు సడలించు మందు ఇవ్వకుండ కరెంటు వైద్యము చేయుటను కూడ నిషేధించినది.

3. రోగమంతయు దయ్యమనరాదు.

మత్తయి 4:24 చూడుడి. దయ్యముపట్టినవారిని వేరుగాను, రోగులను వేరుగాను సువార్తికుడు చెప్పుచున్నాడు. గుండెకు, కాలేయమునకు జబ్బు చేసినట్లే మెదడుకును జబ్బు చేయును. ఏలీయా చావు కోరుకొన్నప్పుడు దేవదూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. కాబట్టి ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని ఏ కాపరియు చెప్పకూడదు. కొన్ని మందులు పనిచేయుటకు వారములు పట్టును. హఠాత్తుగా మానిన యెడల హాని కలుగును.

4. రహస్యము కాపాడవలెను.

ఆ యువకుడు నాతో ఒక్క మాట అనెను: "అయ్యగారూ, గుడిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయవద్దు." నేను సిగ్గుపడితిని, ఆ ఆదివారమే చేయవలెననుకొంటిని. ప్రార్థన మనవి పేరుతో మనము ఎందరి గుట్టు రట్టు చేసితిమో! "ఎర్రగడ్డకు పంపాలి" అని ఎగతాళి చేయు మాటయు మానుదము. ఎర్రగడ్డ ఆసుపత్రి నవ్వులాటకు కాదు, వైద్యమునకు ఉన్నది.

తండ్రియు నేనును అతని ప్రక్కన కూర్చుండి, వైద్యుడు చెప్పినదంతయు దాచక చెప్పితిమి. మొదట కాదనెను. మూడవ దినమున మాత్ర తానే తీసికొనెను. ఇంకను పూర్తిగా కోలుకొనలేదు. కాని మాతో మాటలాడుచున్నాడు.

నిరాశలో చావు తలచువారు మీ యింటనుంటే వారిని ఒంటరిగా విడువకుడి. 14416 అను టెలి మానస్ నంబరుకు ఫోను చేసిన యెడల ఉచితముగా సలహా దొరకును. ప్రాణము తీసికొనబోయి బ్రదికినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉండిరనియే చట్టము ఇప్పుడు ఎంచుచున్నది, శిక్షింపక ఆదరించుమనుచున్నది. సంఘము అంతకంటె తక్కువ చేయవచ్చునా?

ఆలోచించుటకు:
1. మన సంఘములో పట్టణమున చదువుచున్న బిడ్డలకు, మార్కులు గాక క్షేమమడిగి ఫోను చేయువారెవరు?
2. ప్రార్థన మనవి చెప్పుటకు ముందు రోగి సమ్మతి అడుగుచున్నామా?

ప్రార్థన: ప్రభువా, కలతచెందిన మనస్సులకు నెమ్మది దయచేయుము. మాకు అడుగు నోరును, ఆలకించు చెవియు, దాచు హృదయమును ఇమ్ము. ఆమెన్.