ఏ డిస్క్‌ను నమ్మాలి? సర్వర్ ఉద్యోగానికి అసలు పరీక్ష

‘‘సర్వర్ క్రాష్ అయింది. రెండు డిస్కులతో సాఫ్ట్‌వేర్ రెయిడ్-1 ఉంది. రీబూట్ చేస్తే ఒక్క డిస్కే పనిచేస్తోంది. ముందు ఏం చేస్తారు?’’ లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధపడి వెళ్లాలి. కొత్త డిస్క్ పెట్టి యాడ్ కమాండ్ ఇస్తానని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆ కమాండ్ ఎవరైనా అరగంటలో నేర్చుకోవచ్చు. దాన్ని కొట్టేముందు మీరు ఏం చూస్తారు, దేని జోలికి వెళ్లరు అన్నదాన్ని బట్టే మీ చేతికి సర్వర్ ఇవ్వొచ్చో లేదో తేలుతుంది.

రెయిడ్-1 అంటే మిర్రరింగ్. ఒకే పద్దును రెండు పుస్తకాల్లో రాసుకున్నట్టు, ప్రతి రాతా రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి పోయినా పని ఆగదు. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో రెయిడ్ అనే మాట వాడుకలోకి వచ్చింది. విడిగా కంట్రోలర్ కార్డు లేకుండానే లినక్స్ కెర్నెల్‌లోని ఎండీ డ్రైవర్ ఈ పని చేసిపెడుతుంది. దాన్ని నడిపే టూల్ పేరు ఎండీఏడీఎం. చిన్న ఆఫీసుల్లో కనిపించే సైనాలజీ నాస్ బాక్సుల్లో కూడా లోపల నడిచేది ఇదే.

క్రాష్ తర్వాత మొదట చూడాల్సింది ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే ఎండీస్టాట్ ఫైల్. రెండు డిస్కులూ బాగుంటే అక్కడ రెండు ‘యూ’ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి పోతే దాని స్థానంలో కింది గీత ఉంటుంది. ఒక్కోసారి రెండు యూలూ ఉండి, పక్కన ‘రీసింక్’ అని నడుస్తుంటుంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన రాతల వల్ల రెండు కాపీల మధ్య తేడా వచ్చి ఉండొచ్చని, సిస్టమ్ తనంతట తానే సరిచేసుకుంటోందని అర్థం. దాన్ని కదిలించకండి. ‘రికవరీ’ అని ఉంటే మాత్రం, కొత్తగా చేరిన డిస్క్‌కు కాపీ జరుగుతోందన్నమాట. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువు వస్తుంది.

అసలు ప్రమాదం పాత డిస్క్‌తో. ఒక డిస్క్ మూడు నెలల కిందటే మిర్రర్ నుంచి జారిపోయిందనుకోండి. హెచ్చరిక మెయిల్ రూట్ ఖాతాకు వెళ్లింది, ఎవరూ తెరవలేదు. ఇవాళ క్రాష్ తర్వాత ఆ డిస్క్ మళ్లీ లేచి కూర్చుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులో ఉన్నది మూడు నెలల నాటి డేటా. దాన్ని ఆధారంగా తీసుకుని కాపీ మొదలుపెడితే మంచి డిస్క్ మీద పాత డేటా ఎక్కేస్తుంది. అందుకే ఎండీఏడీఎం ఎగ్జామిన్ కమాండ్‌తో రెండు డిస్కుల సూపర్‌బ్లాక్‌లనూ, అంటే ప్రతి డిస్క్ మీదా మిర్రర్ వివరాలు రాసి ఉండే భాగాలను, విడివిడిగా చదవాలి. అందులో ‘ఈవెంట్స్’ అనే సంఖ్య, ‘అప్‌డేట్ టైమ్’ అనే వరస ఉంటాయి. ఈవెంట్స్ సంఖ్య ఎక్కువున్నదే తాజా కాపీ. ఈ రెండు వరసలనూ ఫైల్‌లోకి సేవ్ చేసుకున్నాకే మిగతా పని.

ఆరే, అంటే డిస్కులు కలిసిన ఆ మిర్రర్, సరిగా లేవకపోతే కంగారులో క్రియేట్ కమాండ్ కొట్టేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఉన్న ఆరేను నిలబెట్టేది అసెంబుల్. క్రియేట్ కొత్త సూపర్‌బ్లాక్ రాసి, తప్పు దిశలో కాపీని కూడా మొదలుపెట్టేయగలదు.

తర్వాత బతికున్న డిస్క్ ఆరోగ్యం చూడాలి. స్మార్ట్‌సీటీఎల్ టూల్‌లో పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగా చదవలేకపోయిన భాగాలు, కనిపిస్తే రీబిల్డ్ కంటే ముందు బ్యాకప్ తీయాలి. ఎందుకంటే రీబిల్డ్ మొదటి నుంచి చివరిదాకా ఆ డిస్క్‌నే చదువుతుంది. 4 టీబీ డిస్క్‌ను సెకనుకు 150 ఎంబీ వేగంతో చదివినా ఏడు గంటలు దాటుతుంది. సర్వర్ మీద పని నడుస్తుంటే ఇంకా ఎక్కువ. రెండు డిస్కులూ ఒకే రోజు కొన్నవైతే రెండోదీ అలసిపోయే ఉండొచ్చు.

పాడైన డిస్క్‌ను సీరియల్ నంబర్ చూసి తీయాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌తో మారిపోవచ్చు. కొత్త డిస్క్‌కు పార్టిషన్ టేబుల్ కాపీ చేసి యాడ్ చేశాక, బూట్‌లోడర్‌ను దాని మీద కూడా ఎక్కించాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఏడాది తర్వాత మొదటి డిస్క్ పోతే డేటా అంతా ఉంటుంది, సర్వర్ మాత్రం బూట్ కాదు.

ఇదంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఒక వర్చువల్ మెషిన్‌కు చెరో 1 జీబీ ఉన్న రెండు వర్చువల్ డిస్కులు తగిలించి మిర్రర్ కట్టండి. కొన్ని ఫైళ్లు పెట్టి వాటి ఎండీ5 విలువలు రాసుకోండి. ఒక డిస్క్‌ను ఫెయిల్ చేసి, తీసి, తిరిగి చేర్చి, ఫైళ్లు అలాగే ఉన్నాయో లేదో సరిచూడండి. చేయి తిరిగాక ఒక డిస్క్‌ను ఊడదీసి, రెండోదాని మీద కొత్త ఫైళ్లు రాసి, పాతదాన్ని మళ్లీ తగిలించి ఈవెంట్స్ సంఖ్యలు పోల్చండి. ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ ఉన్నప్పుడు రీ-యాడ్ మారిన భాగాలనే ఎలా కాపీ చేస్తుందో, అది లేకపోతే యాడ్‌తో మొత్తం కాపీ మొదటి నుంచి ఎలా జరుగుతుందో కళ్లారా చూడండి. ప్రతిసారీ చేసిన పనిని వరసగా తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఫ్రెషర్ రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అన్న ముక్క కంటే ఆ పేజీ లింకుకే నేను విలువిస్తాను.

అంతా క్లౌడ్ అయ్యాక ఇవెందుకని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర పిల్లలు అడుగుతుంటారు. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. ఆ క్లౌడ్ కూడా నడిచేది ఎక్కడో ఒక డేటా సెంటర్‌లోని డిస్కుల మీదే, వాటిని మార్చే మనుషులు కావాల్సిందే. డేటా సెంటర్ టెక్నీషియన్, హోస్టింగ్ సపోర్ట్, స్టోరేజ్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాలకు ఈ నైపుణ్యం సూటిగా పనికొస్తుంది. నైట్ షిఫ్టులు ఉంటాయి, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. సర్టిఫికెట్ కావాలనుకుంటే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చూడండి. అందులో ఆప్షన్లు టిక్ పెట్టే ప్రశ్నలుండవు, సిస్టమ్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి.

ఇంటర్వ్యూలో దీని తర్వాత రాబోయే ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండండి: ‘‘ఎవరో పొరపాటున డేటాబేస్ డిలీట్ చేశారు, మిర్రర్ కాపాడుతుందా?’’ కాపాడదు. ఆ డిలీట్ అదే క్షణంలో రెండు డిస్కుల మీదా జరిగిపోతుంది. అప్పుడు అక్కరకొచ్చేది వేరే చోట దాచిన బ్యాకప్ ఒక్కటే. దాన్ని చివరిసారి రీస్టోర్ చేసి చూసింది ఎప్పుడని మీరే ఎదురు అడగండి.