అరకు క్యాంపింగ్: ప్లగ్, కుళాయి లేకుండా రెండు రోజులు

అరకు, వంజంగి, లంబసింగి వైపు వెళ్తున్నారా? టెంట్ అయినా, క్యాంపర్ వ్యాన్ అయినా, కరెంటూ కుళాయీ లేని చోట ఆగాలంటే ముందే లెక్క వేసుకోవాలి.

కరెంట్: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని రెండుసార్లు నింపదు. వోల్టేజ్ మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది. ఒకటిన్నర సార్లు అనుకోండి. సిగ్నల్ లేని లోయల్లో ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. ఆ మోడ్‌లోనూ జీపీఎస్ పని చేస్తుంది. చలికి లిథియం బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి రాత్రి ఫోన్, పవర్ బ్యాంక్ దుప్పటి దగ్గరే ఉంచుకోండి. చివరి 20 శాతం 108 కాల్ కోసం. రీల్స్‌కి వాడొద్దు.

నీళ్లు: ఇద్దరికి 20 లీటర్ల క్యాన్ ఒకటి. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, అంటే రెండు రోజులకు 12. మిగిలిన 8 లీటర్లతోనే వంట, కడుగుడు. గిన్నెలు ముందు కాగితంతో తుడిస్తే కడగడానికి కొన్ని నీళ్లే చాలు.

నీళ్లు అయిపోతే దగ్గరి ఊటలో చెయ్యి పెట్టేయకండి. ఈ కొండల్లో చాలా గూడేలకు తాగునీరు ఊటలదే. ఊరివాళ్లను అడిగి పట్టుకోండి, మరిగించి తాగండి. సబ్బు మాత్రం ఊటకు దూరంగానే.