కృత్రిమ ఇంధన తయారీలో ఇనుప ఉత్ప్రేరకపు రూపాంతరాలు – పంట వ్యర్థాల నాణ్యతతో సంబంధం

వరిగడ్డి, పత్తికట్టె వంటి పంట వ్యర్థాలను పరిమిత ఆక్సిజన్‌తో అధిక ఉష్ణోగ్రత వద్ద వేడి చేస్తే ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ గల సంశ్లేషణ వాయువు లభిస్తుంది. ఈ వాయువును ద్రవ ఇంధనంగా మార్చే పద్ధతిని 1920ల్లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ రూపొందించారు. దక్షిణాఫ్రికాలోని సాసోల్‌బర్గ్‌లో 1955 నుండి బొగ్గు ఆధారంగా, ఇనుప ఉత్ప్రేరకంతో దీనిని పారిశ్రామిక స్థాయిలో అమలు చేశారు.

రూపాంతర క్రమం: నీరు నిలిచిన మాగాణిలో ఆక్సిజన్ తగ్గగానే ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్ రూపానికి మారడం మనకు తెలిసినదే. రియాక్టరులోనూ ఇనుము తన చుట్టూ ఉన్న వాయువును బట్టి రూపం మార్చుకుంటుంది. ఆక్సైడు రూపంలో నింపిన హెమటైట్ మొదట క్షయకరణం చెంది మాగ్నటైట్ అవుతుంది. తరువాత కార్బన్ మోనాక్సైడ్ నుండి విడిపోయిన కార్బన్ ఇనుములో చేరి కార్బైడ్లు ఏర్పడతాయి. వీటిలో ముఖ్యమైనది, 5 ఇనుప పరమాణువులకు 2 కార్బన్ పరమాణువులు గల హెగ్ కార్బైడ్. హైడ్రోకార్బన్ గొలుసులు కార్బైడ్ల ఉపరితలంపై పెరుగుతాయి. మాగ్నటైట్ కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరుల నుండి హైడ్రోజన్‌ను అందిస్తుంది. హైడ్రోజన్ తక్కువగా ఉండే జీవపదార్థ వాయువుకు ఇనుము అనుకూలం కావడానికి కారణమిదే.

క్షీణతకు కారణాలు: చర్యలో వెలువడే నీటి ఆవిరి కార్బైడును తిరిగి మాగ్నటైట్‌గా ఆక్సీకరిస్తుంది. ఈ రెండింటి సాంద్రతలు ఘన సెంటీమీటరుకు సుమారు 7.6, 5.2 గ్రాములు. అందువల్ల రూపం మారినప్పుడు ఘనపరిమాణం కూడా మారి రేణువులు పగులుతాయి. అధికంగా పేరుకున్న కార్బన్ ఉపరితలాన్ని కప్పివేస్తుంది. గంధకం ఇనుముతో గట్టిగా బంధించుకొని ఉత్ప్రేరకాన్ని నిర్వీర్యం చేస్తుంది. క్లోరిన్ కూడా హానికరమే. పొటాషియం విషయం భిన్నం. కొద్ది మోతాదులో కావాలనే కలిపితే అది గొలుసుల పెరుగుదలకు తోడ్పడుతుంది. గడ్డి నుండి అదుపు లేకుండా వచ్చే పొటాషియం మాత్రం బూడిదను కరిగించి కొలిమిలో గడ్డకట్టిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు: వాయువును రియాక్టరుకు పంపే ముందే శుద్ధి చేయాలి. ఆ భారం ఎంతన్నది పొలంలోనే చాలావరకు నిర్ణయమవుతుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వాడకం గడ్డిలో క్లోరిన్‌ను పెంచుతుంది. కోత తరువాత గడ్డి వానకు తడిస్తే క్లోరిన్, పొటాషియం చాలావరకు కడుక్కుపోయి, పొటాషియం నేలకు చేరుతుంది. అయితే గడ్డి కుళ్లకముందే ఆరబెట్టి, మట్టి అంటకుండా మోపులు కట్టించాలి. నమూనాలలో ఉష్ణ విలువ, తేమలతోపాటు బూడిద, క్లోరిన్, గంధకం, పొటాషియంలను కూడా పరీక్షించాలి. గడ్డితో పాటు పొలం దాటిపోయే పొటాష్‌ను లెక్కగట్టి, ఆ మేరకు తరువాతి పంట ఎరువుల సిఫారసును సవరించాలి. ఈ లెక్క లేకుండా గడ్డి అమ్మకాన్ని రైతుకు లాభంగా చూపరాదు.