బండి ఇల్లు సరే, జాగా సంగతేంటి?

సమస్య

నేనూ మావారూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు చేస్తూ కొండాపూర్‌లో అద్దెకుంటున్నాం. ఈ చుట్టుపక్కల ఫ్లాట్ కొనాలంటే సగం జీవితం ఈఎంఐకే పోతుంది. 2021లో కరీంనగర్ జిల్లా బొమ్మకల్‌కు చెందిన పేరాల మానసారెడ్డి కాంక్రీటు పైపులో ఇల్లు తయారుచేసిన వార్త చూసినప్పటి నుంచి నాకు చిన్న ఇంటి మీద మనసు పడింది. చక్రాల మీద కదిలే ఇల్లు చేయించుకుందామనుకున్నాం. తయారుచేసే అతను ‘చక్రాలుంటే ఏ పర్మిషనూ అక్కర్లేదు’ అంటున్నాడు. చేవెళ్ల వైపు ఒక పెద్దాయన తన మామిడితోట పక్కన పది గుంటలు కిరాయికిస్తానన్నారు. మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకుందామంటే ‘కాగితాలెందుకు బిడ్డా, నోటి మాట చాలదా’ అంటారు. ఆయన కొడుకు మాత్రం ముభావంగా ఉంటున్నాడు. మా అమ్మేమో పొలం మధ్యలో ఇద్దరే ఎలా ఉంటారని ఒకటే దిగులు. ఇల్లు చేసే అతను అడ్వాన్సు కోసం తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఎస్., కొండాపూర్

సలహా

తల్లీ, అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టొద్దు. మీ కోరికలో తప్పేమీ లేదు. అప్పుల్లో కూరుకుపోకుండా, చేతనైనంతలో బతకాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ మీరు ఇంటితో మొదలుపెట్టారు. మొదలుపెట్టాల్సింది జాగాతో.

‘చక్రాలుంటే పర్మిషన్ అక్కర్లేదు’ అన్న మాట నమ్మకండి. రోడ్డు మీద లాక్కెళ్లే ట్రైలర్‌కు ఆర్టీఏ రిజిస్ట్రేషన్ కావాలి. ఒకచోట నిలిపి, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి పెట్టుకుని కాపురం ఉంటే అధికారులు దాన్ని నివాసంగానే చూస్తారు. సాగుభూమిని ఇంకో పనికి వాడాలంటే 2006 నాటి చట్టం ప్రకారం వ్యవసాయేతర భూమిగా మార్పించాలి (నాలా మార్పిడి అంటారు). ఆ దరఖాస్తు పెట్టాల్సింది పట్టాదారే, మీరు కాదు.

ముందు ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో ఆ సర్వే నంబరు చూడండి. పట్టా పెద్దాయన పేరు మీదే ఉందా, అన్నదమ్ముల వాటాలు తేలాయా, నిషేధిత జాబితాలో ఉందా అన్నది తెలుసుకోండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమైతే అక్కడితో వదిలేయండి. 1977 నాటి చట్టం దాన్ని అమ్మడాన్నే కాదు, కౌలుకివ్వడాన్ని కూడా నిషేధించింది. చెరువు శిఖం, అంటే చెరువు కింది భూమి అయినా వదిలేయండి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ మండలాల్లో కొన్ని ఊళ్లు 1996లో వచ్చిన 111 జీవో కింది 84 గ్రామాల్లో ఉన్నాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ నీటి కోసం పెట్టిన ఆంక్షలవి. మీరు చూసిన ఊరు వాటిలో ఉందేమో, ఆ ఆంక్షలు ఇప్పుడు ఎంతవరకు వర్తిస్తాయో తహసీల్దార్ ఆఫీసులో అడగండి.

ఇక పెద్దాయన కాగితం వద్దన్నది మిమ్మల్ని ముంచడానికే అనుకోకండి. ఈ ప్రాంతంలో 1950 నాటి కౌలుదారీ చట్టం దున్నేవారిని రక్షిత కౌలుదార్లుగా గుర్తించి హక్కులిచ్చింది. న్యాయమైన చట్టమే అది. కానీ కౌలు రాసిస్తే భూమి చేజారుతుందన్న జంకు పట్టాదారు కుటుంబాల్లో ఇప్పటికీ పోలేదు. కొడుకు ముభావం వెనుక ఉన్నది కూడా అదే కావచ్చు. అందుకే మీకేం కావాలో రాసే ముందు, వాళ్ల భయానికి జవాబు రాయండి. ‘ఇది సాగు కౌలు కాదు, భూమి మీద మాకు ఏ హక్కూ లేదు, బోరూ చెట్లూ మీవే, ఇల్లు మాత్రం మాది, మూడు నెలల ముందు చెబితే తీసుకెళ్తాం’ అని తెలుగులో రాసి, తండ్రీకొడుకులిద్దరికీ చదివి వినిపించండి. ఏడాదికి మించిన లీజైతే 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రాతకోతలు వకీలు చేత చేయించండి.

పెద్దాయన నష్టం కూడా లెక్కేయండి. సాగుభూమికి ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం ఎకరాకు ఏడాదికి 12 వేలు. పది గుంటలంటే పావెకరం. ఆ మేరకు భూమిని సాగు నుంచి తప్పిస్తే ఏటా 3 వేలు పోతాయి. వ్యవసాయ బోరు కరెంటు నుంచి మీ ఇంటికి వైరు లాగితే కేసూ జరిమానా ఆయన నెత్తిన పడతాయి. సోలార్ పెట్టుకోండి, లేదా ఇంటి కనెక్షన్ విడిగా తీసుకోండి.

బాట సంగతీ చూడండి. రోడ్డు నుంచి తోట దాకా వచ్చే బండ్లబాట ఎవరిది? పక్క పొలం వాళ్లదైతే వాళ్ల ఒప్పుకోలు కూడా రాతపూర్వకంగా ఉండాలి. వానాకాలంలో ఒకసారి నడిచి చూడండి. నల్లరేగడిలో ట్రాక్టరే దిగబడుతుంది. టన్నుల బరువున్న మీ ఇల్లు లోపలికి వెళ్లడం ఒక ఎత్తు, బయటికి రావడం ఇంకో ఎత్తు.

మీ అమ్మగారి దిగులును తీసిపారేయకండి. దానికి నాకు తోచిన దారి ఒకటుంది. పొలం వదిలేసి అదే ఊళ్లో ఆబాదీలో, అంటే ఇళ్లున్న చోట, ఖాళీ జాగా అడగండి. ఊరి మధ్య పాత ఇళ్లకు పెద్ద వాకిళ్లుంటాయి. పిల్లలు పట్నం వెళ్లిపోతే అవి ఖాళీగానే పడున్నాయి. అక్కడైతే సాగుభూమి పేచీ తక్కువ, ఇంటి కరెంటుంటుంది, పిలిస్తే పలికే మనుషులుంటారు. ఆబాదీ జాగాలకు చాలాచోట్ల పట్టాలుండవు కాబట్టి ఇంటిపన్ను రసీదులు చూడండి. పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

చక్రాలు చట్టం నుంచి తప్పించుకోవడానికి పనికిరావు. పొమ్మన్న రోజున గొడవ లేకుండా వెళ్లడానికి పనికొస్తాయి. అందుకే సిమెంటు దిమ్మెలు కట్టొద్దు, టైర్లు తీసేయొద్దు. వెళ్లగలరన్న నమ్మకం కుదిరితే ఆ కొడుకు కూడా మిమ్మల్ని ఉండనిస్తాడు. ముందు ఆ ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని ఎండాకాలం, వానాకాలం గడపండి. అక్కణ్నుంచి ఆఫీసుకు వెళ్లొస్తూ ఆ మనుషులతో కలిసి ఉండండి. అప్పటికీ ఇద్దరి మనసూ మారకపోతే, కాగితం చేతికొచ్చాక ఇల్లు చేయించుకోండి.