నేరేడుపండ్ల సీసా – ఎక్సైజు చట్టము

వేసవిలో కొత్తపల్లి కొబ్బరి మామిడియు, తొలకరిలో నేరేడును, లంకలలో జామయు సమృద్ధిగా దొరకు మన గోదావరి సీమలో, ఆ పండ్లను బ్రాందీలోనో వోడ్కాలోనో కొన్ని వారములు నానవేసి, వడకట్టి, అందమైన చిన్న సీసాలలో నింపి, సంక్రాంతికి వచ్చు అల్లునికిని బావమరదులకును కానుకగా నీయవలెనని ముచ్చటపడువారు కొందరు కలరు. అట్టివారిలో నొక గృహిణి ప్రశ్న యిది: “లాయరుగారూ, మా తమ్ముడు యానాం నుంచి తెచ్చిన బ్రాందీలో నేరేడుపళ్లు నానేశానండి. అమ్ముకోవడానికి కాదు, మావాళ్లకి ఇవ్వడానికే. ఇందులో తప్పేమైనా ఉందాండీ?”

అమ్మా, చట్టమునకు నేరేడుపండుతో పేచీ లేదు. సీసాలోని మద్యసారము ఎక్కడ పుట్టినది, ఏ దారిని మీ యింటికి వచ్చినది, ఎవరి చేతికి పోవుచున్నది అనునవే దానికి కావలసిన సంగతులు. మీరు ‘అమ్మను’ అని చెప్పిన మాట యీ మూడింటిలో చివరిదానికి మాత్రమే, అదియును కొంతవరకే, సమాధానము కాగలదు.

పుట్టుక సంగతి మొదట చూతము. పండ్లరసమును బెల్లముతో గూడ కుండలో పులియబెట్టుట యొకటి, ఆ ఊటను బట్టీ పెట్టి కాచుట యొకటి, అంగడిలో కొన్న సీసాలో పండును నానవేయుట వేరొకటి. మొదటి రెండింటి విషయమున సందేహమునకు తావు లేదు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మత్తుపానీయమును తయారుచేయుటయే గాక, అందులకై ఊటను, పాత్రలను, బట్టీ సామగ్రిని దగ్గర నుంచుకొనుటయు నేరమే. ఇంటివాడుకకే గదా యను సమాధానము ఆ నేరమును మాపజాలదు. కేరళలో క్రిస్మసునకు ఇంటింట ద్రాక్షసారాయము చేయుట చిరకాలాచారమైనను, 2019 డిసెంబరులో అచ్చటి ఎక్సైజు శాఖ అదియును నేరమేయని హెచ్చరించి క్రైస్తవ కుటుంబములను కలవరపెట్టిన సంగతి పత్రికలు చదువువారికి జ్ఞాపకముండును. ఇక నాటుసారా మాట చెప్పనక్కర లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా రాష్ట్రమంతట నిషిద్ధమైనది. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెమున వరుసగా సంభవించిన మరణములకు నాటుసారాయే కారణమని మృతుల బంధువులును, అవి సహజ మరణములని నాటి ప్రభుత్వమును వాదించిరి. ఆ వివాదమెట్లున్నను, ఎవరు కాచినదో తెలియని సరకును పండ్లలో పోయుట ప్రాణముతో ఆడుకొనుటయే.

మూడవదియైన నానవేతయే సున్నితమైనది. పంజాబు ఎక్సైజు చట్టము మొదలగు పెక్కు చట్టములలో ‘తయారీ’ యనుదానికి మద్యమునకు రుచి, వాసన కల్పించుట, రంగు వేయుట, ఒకదానితో నొకటి కలుపుట కూడ చేరునట్లు విశాలమైన నిర్వచనము వ్రాయబడినది. అక్షరార్థమును పట్టుకొని పోయినచో మీ నేరేడు సీసాయు ఆ గీతలోపలికే రావచ్చును. లైసెన్సు గల అంగడిలో కొని, బిల్లు దాచుకొని, తన గ్లాసు కొరకు ఒక సీసాలో నాలుగు పండ్లు వేసుకొన్నవానిపై కేసు పెట్టుట చట్టము నుద్దేశించిన పనికాదని నా యభిప్రాయము. కాని పది సీసాలు వరుసగా నింపి, పేర్లు వ్రాసి, దారములు కట్టియుంచిన గదిని చూచిన అధికారి కట్లు తోచదు.

మొదట చెప్పిన మూడు సంగతులలో రెండవది దారి. ఫ్రెంచివారి యేలుబడి 1954లో ముగిసినను, యానాం నేటికిని పుదుచ్చేరి పాలనలోనిదే. అచ్చటి మద్యమునకు అచ్చటి సుంకమే గాని మన సుంకము చెల్లలేదు. యెదుర్లంక వంతెన దాటుట మనకు ఊరిలో ఒక వీధినుండి మరొక వీధికి పోవుటవంటిదే యైనను, ఎక్సైజు శాఖకది పరరాష్ట్రపు సరిహద్దు. 2019లో వెలువడిన ఉత్తర్వు ఒక వ్యక్తి మూడు మద్యపు సీసాలు కలిగియుండుట కనుమతించినది. పొరుగు రాష్ట్రములనుండి తెచ్చిన వానికిని అది వర్తించునని 2020 సెప్టెంబరులో మన హైకోర్టు తీర్పు చెప్పగా, ప్రభుత్వము కొలది వారములకే నిబంధనను సవరించి, పర్మిటు లేక బయటి సరకు తేరాదనెను. ఇట్టి ఉత్తర్వులు తరచుగా మారుచుండును. కావున నేటి పరిమితిని ఎక్సైజు స్టేషనులో విచారించిన పిమ్మటనే సంచి సర్దుట మంచిది. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటె భయము కలిగించినది తమ్మునిగారి యానాం ప్రయాణమే.

కానుక విషయమున చట్టములు ఏకకంఠముగా పలుకవు. ఉత్తరప్రదేశము, పంజాబు చట్టములలో ‘విక్రయ’ నిర్వచనము బహుమానమును మినహాయించినది. ఐనను కలిగియుండుట, రవాణా చేయుట వేరువేరు నేరములగుటచే, ఆ మినహాయింపు ఎక్కడనైనను సీసాను కాపాడదు. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి ఈ సీసా ఈయకుడు. విమానమున పోవు అల్లునికిచ్చుటయు వలదు; 24 శాతమునకు మించి 70 శాతము వరకు సారముగల మద్యమును ఐదు లీటర్లకు లోబడి, కంపెనీ ప్యాకింగుతోనే సామానులో ననుమతింతురు గాని, ఊరగాయ జాడీవలె మూత బిగించిన దానిని కాదు. అమెరికాలోని మన పిల్లలు ఇంట బీరు చేసికొనుటకు 1978లో అచ్చటి ఫెడరల్ చట్టము వీలు కల్పించినది, న్యూజిలాండు 1996లో సొంత వాడుకకు బట్టీ పెట్టుటను సైతము అనుమతించినది; ఆ స్వేచ్ఛ మనకు దిగుమతి కాదు. మద్యము రాష్ట్ర జాబితాలోని విషయము, మద్యవ్యాపారము ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో తేల్చినది. రాజమహేంద్రవరమున పురపాలక సంఘాధ్యక్షుడై ప్రజాజీవితము నారంభించిన ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమే 1954లో మద్యనిషేధ వివాదముపై ఒక్క వోటు తేడాతో కూలినదన్నచో, మన రాజకీయములలో ఈ ద్రవము బరువెంతయో యూహింపవచ్చును.

ఒకవేళ అధికారులే తలుపు తట్టిరనుకొందము. కొన్ని సందర్భములలో వారంటు లేకయే సోదా చేయు అధికారము వారికి కలదు. కావున అడ్డగింపకుడు, సీసాలను దాచకుడు, పారబోయకుడు. కాని గుర్తింపు కార్డు చూపుమని అడుగుట మీ హక్కు. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను సోదాను, స్వాధీనమును ఆడియో వీడియోలలో చిత్రింపవలెనని శాసించినది. పంచనామాలో ఎన్ని సీసాలు, ఎంత పరిమాణము అని వ్రాసిరో చదివిన పిమ్మటనే సంతకము చేయుడు, నకలు కోరుడు. అరెస్టు చేసినచో కారణము చెప్పవలెను, బంధువునకు తెలుపవలెను, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ప్రత్యేక కారణము, మేజిస్ట్రేటు అనుమతి లేక సూర్యాస్తమయానంతరము స్త్రీని అరెస్టు చేయరాదు.

స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టమే ఇచ్చినది. రాజమహేంద్రవరమునందును ఏలూరునందును గల జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు దరఖాస్తు పెట్టవచ్చును, లేదా 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అంతకు ముందుగా మీరు చేయవలసిన పని యొక్కటి కలదు: ఈ సంవత్సరపు సీసాలను పంచకుండ నిలిపి, ఎక్సైజు సూపరింటెండెంటుగారికి మీ ప్రశ్ననే, యానాం మాట దాచకుండ, ఒక న్యాయవాదిచేత వ్రాయించి, లిఖితపూర్వకమైన జవాబు కోరుడు.