గోకర్ణ తీరమున సంజవేళ పడవ

సెలవులలో గోకర్ణమునకు పోయిన పిల్లలు గుడిదర్శనముతో తృప్తిపడుట లేదు. సంజవేళ కయాకులో సముద్రముపైకి పోవలెనని పట్టుపట్టుచున్నారు. వలదనుట సులభమే, ఆ పడవను, అచ్చటి పొద్దును ఎరిగి పంపుట మేలని మేము తలచెదము.

కయాకు ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనుల వేటపడవ. కొయ్యతోనో ఎముకలతోనో చట్రము కట్టి, సీలు చర్మము బిగించి, రెండు కొనలను రెక్కలుగల తెడ్డుతో నడిపెడివారు. నేటి ప్లాస్టిక్ పడవకును పోలిక అదియే. అందు కూర్చున్నవాని కన్ను నీటికి సుమారు రెండు మూరల ఎత్తున నుండును. అలల నడుమ అతడు ఇతర పడవలవారికి సులభముగా కానరాడు.

కుడ్లె, ఓం తీరముల నడుమ రాతిగుట్టలు సముద్రములోనికి చొచ్చుకొని యున్నవి. అందమంతయు వాని ప్రక్కనే. అలలు రాతిని తాకి మరలివచ్చి పడవను ఊపునదియు అచ్చటనే. తూర్పు తీరమున సూర్యుడు కడలినుండి లేచును, ఇచ్చట కడలిలో క్రుంకును. చూచుచు మైమరచుట సహజము. కాని అస్తమయము పిమ్మట దారి కనబడు వెలుగు 20, 25 నిమిషములకు మించదు. రాత్రివేళ గాలియు తరచు నేలనుండి కడలివైపు వీచి పడవను దరికి రానీయదు.

చేయి చాచి వ్రేళ్ళను అడ్డముగా పట్టినచో, సూర్యునికిని నీటి అంచునకును నడుమ ఒక్కొక్క వ్రేలు సుమారు 15 నిమిషములు. నాలుగు వ్రేళ్ళున్నపుడు బయలుదేరి, రెండు మిగిలినపుడు మరలవలెను. అస్తమయమును ఇసుకపై నిలిచి చూతురు గాక! ఈత వచ్చినను లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కనీయరాదు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఈ ముచ్చటయే వలదు. తెడ్డుపడవలోను చీకటివేళ తెల్లని దీపము సిద్ధముగా నుండవలెనని 1972 నాటి అంతర్జాతీయ నౌకానియమములు చెప్పుచున్నవి. పడవ బాడుగకిచ్చువానిని తల్లిదండ్రులు ఆ దీపమును చూపుమని అడుగవలెను. బేరము ఆ తరువాత.