వేగం మీటరు పనిచేయకపోతే విమానం దిగేదెలా?

సైకిలు మీద దిగుడు రోడ్డులో వస్తున్నప్పుడు ఎంత వేగంగా వస్తున్నామో చెప్పడానికి మీటరు ఉండదు. చెవుల దగ్గర గాలి హోరే చెబుతుంది. చిన్న విమానం నడిపే పైలట్‌కి కూడా ఒక్కోసారి అదే ఆధారం.

విమానం రెక్క కింద ముందుకు తెరుచుకుని ఒక సన్నని గొట్టం ఉంటుంది. పేరు పీటో గొట్టం. హెన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు 1732లో పారిస్‌లో సేన్ నది నీటి వేగం కొలవడానికి ఇలాంటి గొట్టం వాడాడు. ఎదురుగాలి గొట్టంలోకి తోసుకొచ్చే పీడనానికీ, బయటి మామూలు గాలి పీడనానికీ ఉన్న తేడాను బట్టి మీటరు ముల్లు కదులుతుంది.

మన బడి కిటికీ మూలల్లో మట్టిగూళ్లు కట్టే కందిరీగ తెలుసుగా? దానికి ఇలాంటి గొట్టం దొరికితే పండగే. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటాలో లేచిన ఒక బోయింగ్ 757 సముద్రంలో కూలింది. 189 మందీ చనిపోయారు. కెప్టెన్ వైపు పీటో గొట్టం మూసుకుపోయింది, బహుశా కందిరీగ గూడే కారణమన్నారు. పైకి పోయేకొద్దీ ఆయన మీటరు లేని వేగం చూపించింది. నిజానికి విమానం నెమ్మదించిపోతోంది.

నెమ్మదిస్తే ఏమవుతుంది? రెక్క గాలికి ఎక్కువ వాలుగా నిలబడాలి. ఆ కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదు, విమానం కిందికి జారుతుంది. దీన్ని స్టాల్ అంటారు. ఎత్తులో ఉంటే సరిదిద్దుకోవచ్చు. నేల దగ్గర అంత వ్యవధి ఉండదు.

మరి పైలట్ ఏం చేస్తాడు? సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం తీసుకుందాం. దిగేటప్పుడు దాని వేగం గంటకు సుమారు 120 కిలోమీటర్లు. రోజూ ఇంజను ఎంత తిప్పితే, ముక్కు ఎంత వంచితే ఆ వేగం వస్తోందో పైలట్‌కి అలవాటే. ముల్లు లేకపోయినా అదే ఇంజను, అదే ముక్కు పెడితే అదే వేగం వస్తుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

చేతులు కూడా చెబుతాయి. వేగం ఉంటే కంట్రోళ్లు బిగువుగా ఉంటాయి. తగ్గితే వదులై, ఎంత తిప్పినా విమానం బద్ధకంగా కదులుతుంది. గాలి హోరు తగ్గుతుంది. ఈ విమానం ఎడమ రెక్కలో ఒక పీక ఉంది, స్టాల్‌కి కాస్త ముందే కూస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, పీటో గొట్టంతో పనే లేదు.

కళ్లను మాత్రం పూర్తిగా నమ్మకూడదు. వెనక నుంచి గాలి వీస్తుంటే నేల గబగబా వెనక్కి పోతుంది. ‘అబ్బో, ఎక్కువ వేగం’ అనుకుని తగ్గిస్తే స్టాల్ అయ్యేది అక్కడే. రెక్కకు కావలసింది గాలిలో వేగం, నేల మీద వేగం కాదు.

అందుకే పొడవైన రన్‌వే చూసుకుని కాస్త ఎక్కువ వేగంతోనే వస్తారు. నేలకు కొద్ది అడుగుల ఎత్తులో ఇంజను తగ్గించి, ముక్కు మెల్లమెల్లగా ఎత్తుతూ విమానాన్ని తేలనిస్తారు. పీక కూసేసరికి చక్రాలు ఆనుతాయి. నేర్పే గురువులు మీటరు మీద కాగితం అంటించి మరీ దీన్ని సాధన చేయిస్తారు.

10వ తరగతి వాళ్లకు లెక్క: దిగే వేగం 10 శాతం పెరిగితే గతిశక్తి ఎంత శాతం పెరుగుతుంది? జవాబు 10 మాత్రం కాదు!